తోలు కుట్టు యంత్రము – దాని జబ్బులు, వాని నిదానము

విజయవాడ ఆటోనగరులో బస్సులకు, లారీలకు బాడీలు కట్టు షెడ్ల ప్రక్కన సీట్లకు తొడుగులు కుట్టు దుకాణములు కనబడును. 1960లలో ఏర్పడిన ఈ పారిశ్రామికవాడను చూడబోవు విద్యార్థులు ఇంజనుల యొద్దను, లేతుల యొద్దను నిలబడి చూతురు గాని, సీట్లు కుట్టు మిషను ముందు నిలుచువారు తక్కువ. ఇంటిలో అమ్మ కుట్టెడి మిషను వంటిదే గదా యని వారి యభిప్రాయము. ఒక విధముగా అది నిజమే. కాని ఇంటి మిషనుపై రవికగుడ్డ కుట్టుటకును, దీనిపై నాలుగు మడతల తోలు కుట్టుటకును గల అంతరమును పరిశీలించినచో, ఉన్నత పాఠశాలలో చెప్పెడి యంత్రశాస్త్రములో సగము అక్కడనే దొరకును.

ఇనుపముక్కను తప్పుగా కోసినచో కరిగించి మరల పోత పోయవచ్చును. గుడ్డను తప్పుగా కుట్టినచో కుట్లు విప్పి, నీళ్ళు చిలికి, ఇస్త్రీ చేసి తిరిగి కుట్టవచ్చును. తోలునకు ఆ యవకాశము లేదు. సూది ఒకసారి దిగిన చోట రంధ్రము శాశ్వతముగా నిలిచిపోవును. కనుక మిషను సరిగా లేనప్పుడు కుట్టిన పది అంగుళముల కుట్టు, ఒక తోలుముక్కను, దానితోపాటు ఆ పనివాని యానాటి కూలిని పాడుచేయును. కుట్టు మిషనుకు జబ్బు చేసినపుడు దొరికిన మరనెల్ల త్రిప్పి చూచుట మనవారిలో కొందరికి అలవాటు. తోలు పనిలో ఆ యలవాటు చాల ఖరీదైనది. జబ్బు ఒకచోట, దాని గుర్తు మరియొకచోట కనబడుట ఈ యంత్రపు స్వభావము. అందుచేత మొదట కుట్టు ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొనవలెను.

దానికంటె ముందు తోలును గూర్చి రెండు మాటలు. గుడ్డ యనగా పడుగుపేకల నేత. గుండ్రని మొన గల సూది దిగునపుడు నూలుపోగులు ప్రక్కకు తొలగి దారి యిచ్చును. సూది పైకి పోగానే మరల దగ్గరకు వచ్చును. తోలులో నేత లేదు. కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు అన్ని దిక్కులను అల్లుకొని యుండును. పచ్చి చర్మము కుళ్ళకుండ ఈ పోగులను రసాయనములతో స్థిరపరచుటయే తోళ్ళను పదును చేయుట. పూర్వము దక్షిణ దేశమున ఈ పనికి తంగేడు చెక్కను విరివిగా వాడెడివారు. బెల్టులకు, జీనులకు వాడు బిరుసైన తోలు చెట్ల బెరడులలోని టానిన్లతో పదునైనది. చెప్పుల పైభాగములకు, సీట్లకు వాడు మెత్తని తోలు ఎక్కువగా క్రోమియము లవణములతో పదునైనది. ఈ శాస్త్రమున దేశమునకు దారిచూపినవారిలో ముఖ్యుడు మన కృష్ణా డెల్టావాడే. తెనాలి సమీపమున యలవర్రు గ్రామములో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958లో మద్రాసు నందలి కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులైరి. ఆ సంస్థ 1948లో ఏర్పడినది. 1985 జూనులో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించినారు. అంటరాని పనిగా చూడబడిన తోళ్ళ పనిని ప్రయోగశాలలోనికి తెచ్చి గౌరవస్థానమున కూర్చుండబెట్టిన ఆయన పేరు, తోలునకు సంబంధించిన ఏ వ్యాసమునందైనను తలచుకొనదగినది.

కుట్టు యంత్రపు చరిత్రయు తోలుతోనే ప్రారంభమగుట ఒక విశేషము. 1790వ సంవత్సరమున ఇంగ్లండులో థామస్ సెయింట్ అనునతడు పొందిన పేటెంటులోని యంత్రము గుడ్డ కొరకు గాక తోలు కొరకు ఉద్దేశింపబడినది. మన చెప్పులు కుట్టువాడు ఆరెతో ముందు రంధ్రము పొడిచి పిమ్మట దారము దూర్చినట్లే, దానియందును ఒక ఆరె ముందు దిగి రంధ్రము చేయును. తరువాత ఒంటి దారముతో గొలుసుకుట్టు పడును. ఆ చిత్రపటములు ఎనుబదేండ్లకు పైగా మరుగునపడి 1870లలో బయటికి వచ్చెను. వానినిబట్టి యంత్రమును తయారు చేసినవారు కొన్ని మార్పులు చేసినగాని అది కుట్టలేదు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవె మొనవైపున బెజ్జము గల సూదితో, రెండు దారములతో ముడికుట్టు వేయు యంత్రమునకు పేటెంటు పొందెను. తిరుగుడు కొక్కెమును, నాలుగు కదలికలతో బట్టను ముందుకు నడుపు పళ్ళను 1850లలో అలెన్ విల్సన్ కల్పించెను. నేటి మిషనులలో వేగము, పటుత్వము పెరిగినవి గాని మూలసూత్రములు ఇవియే.

కుట్టు పుట్టు విధము

మోటారు స్విచ్చి తీసివేసి, పళ్ళపైనుండు రేకుమూతను జరిపి, చక్రమును చేతితో నెమ్మదిగా త్రిప్పుచు చూడుడు. సూదికి ఒక ప్రక్క పొడవునను ఒక గాడి యుండును. రెండవ ప్రక్క, బెజ్జమునకు కొంచెము పైన, చిన్న పల్లము చెక్కబడి యుండును. సూది తోలును చీల్చుకొని దిగునపుడు దారము రెండు ప్రక్కలను దానితోపాటు దిగును. సూది అట్టడుగు స్థానమును చేరి, మరల రెండు మిల్లీమీటర్లు పైకి లేచునప్పుడు అసలు సంగతి జరుగును. గాడివైపు దారము గాడిలో దాగియుండుటచేత తోలునకు తగులక సూదితో పైకి జారిపోవును. పల్లమువైపు దారమునకు దాగుటకు గాడి లేదు. అది తోలుకును సూదికిని నడుమ చిక్కుకొని, ఘర్షణ వలన పైకి రాలేక, క్రింద ప్రక్కకు ఉబ్బి చిన్న ఉచ్చుగా నేర్పడును. ఆ క్షణముననే తిరుగుచున్న కొక్కెపు మొన ఆ ఉచ్చులో దూరవలెను. ఈ కొక్కెమునే మన పనివారు షటిల్ అందురు. అది ఉచ్చును పట్టి లాగి, క్రిందిదారపు బాబిను చుట్టును త్రిప్పి వదలును. అంతట పైనున్న దారము లాగెడి చేయి లేచి, ఉచ్చును పైకి లాగి బిగించును. ఇటువంటి మిషనులలో సాధారణముగా సూది ఒక్కసారి దిగి లేచునప్పటికి కొక్కెము రెండుసార్లు తిరుగును.

కావున కుట్టు పడుటలో మూడు ఘటనలు కలవు: ఉచ్చు పుట్టుట, దానిని కొక్కెము పట్టుట, చేయి దానిని బిగించుట. తోలు కుట్టు మిషను జబ్బులలో ఎక్కువ పాలు ఈ మూడింటిలో నేదో యొకటి తప్పుటయే. మిగిలినవి తోలును నడుపుటలోను, మోటారులోను ఉండును.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయుదము. రెండు పొరల తోలు కలిపి 3 మిల్లీమీటర్ల మందము, కుట్టు నిడివి 4 మిల్లీమీటర్లు అనుకొనుడు. ముడి సరిగా నడుమ పడినచో పైదారము ఒక కుట్టునకు 4 మిల్లీమీటర్లు పైన నడచి, 1.5 మిల్లీమీటర్లు దిగి, మరల అంతయే లేచును, మొత్తము 7. కాని కొక్కెము బాబినును చుట్టివచ్చుటకు ఎంతో ఎక్కువ దారము కావలెను. అది 70 మిల్లీమీటర్లయినచో, అందు 7 మాత్రమే కుట్టులో చేరి, 63 మరల వెనుకకు పోవును. అనగా దారములోని ప్రతి భాగమును కుట్టులో చేరుటకు ముందు సుమారు పదిసార్లు సూదిబెజ్జము గుండ పోయి వచ్చుచున్నది! బెజ్జములో వెంట్రుకవాసి గరుకున్నను దారము పీచుపీచయిపోవుట ఇందువలననే.

తెగిన దారము చెప్పు సాక్ష్యము

దారము తెగినపుడు తిట్టుకొని మరల ఎక్కించుటకు ముందు, తెగిన కొనను భూతద్దముతో చూడవలెను. భూతద్దము లేనిచో వెలుతురుకు ఎదురుగా పట్టిచూచినను చాలును. కొన పీచువలె చెదరియున్నచో దారము క్రమముగా ఒరసికొని తెగినది: సూదిబెజ్జము ఇరుకైనది, లేదా కొక్కెపు మొనపై గాటు పడినది. కొన నున్నగా తెగియున్నచో ఏదో పదునైన అంచు కోసినది. సాగి ఉంగరములు తిరిగియున్నచో బిగింపు మిక్కిలి యెక్కువైనది. కొనయందు చిన్న పూసవంటి గడ్డ యున్నచో అది వేడి పని. నైలాను దారము వేడికి కరగును. వేగముగా కుట్టునపుడు దట్టమైన తోలులో ఒరసికొని సూది అంత వేడెక్కగలదు. అట్టిచో వేగము తగ్గించుటయే మందు. బిగింపు మరలు త్రిప్పి ప్రయోజనము లేదు. ఈ నాలుగు గుర్తులను ఎరిగిన కుర్రవాడు, పది మరలు త్రిప్పెడి పెద్ద పనివానికంటె త్వరగా జబ్బును పట్టగలడు.

దారము, సూది జతపడుట ముఖ్యము. నేడు దారపు లావును టెక్స్ అను సంఖ్యతో చెప్పుదురు. వేయి మీటర్ల దారము ఎన్ని గ్రాముల బరువుండునో అదే దాని టెక్స్. సీట్లకు 70, 90, 135 టెక్స్ దారములు వాడుకలో నున్నవి. సూదుల సంఖ్య ఇంకను సులభము: సూదికాడ వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులలో చెప్పుదురు. 110 సంఖ్య సూది 1.10 మిల్లీమీటర్లు, 140 సంఖ్య సూది 1.40 మిల్లీమీటర్లు. ఇవియే పాత లెక్కలో 18, 22 నంబరు సూదులు. 135 టెక్స్ దారమునకు 140 సంఖ్య సూది సరిపోవును. జత కుదిరినదా లేదా యని చూచుటకు ఒక తేలిక పరీక్ష కలదు. విడి సూదిలో జానెడు దారము ఎక్కించి, రెండు కొనలు పట్టి బిగించి, సగము వాలుగా నిలుపవలెను. సూది తన బరువుతో తానే క్రిందికి జారినచో మంచిది. జారక నిలిచినచో సూది చిన్నది.

అయినచో పెద్ద సూదియే ఎల్లప్పుడు వాడరాదా? వాడరాదు. తపాలా బిళ్ళలు ఎట్లు చింపుదుమో గుర్తు తెచ్చుకొనుడు. వరుస రంధ్రములు దగ్గరగా నున్నచో కాగితము ఆ గీతవెంట చిరుగును. 1.4 మిల్లీమీటర్ల రంధ్రములు 2 మిల్లీమీటర్ల కొకటి చొప్పున పడినచో నడుమ మిగులు తోలు 0.6 మిల్లీమీటరు, అనగా నూటికి 30 పాళ్ళు. 4 మిల్లీమీటర్ల కొకటి పడినచో నూటికి 65 పాళ్ళు మిగులును. గుడ్డ విషయమున కుట్టు దగ్గరైన కొలది బలము. తోలు విషయమున ఒక హద్దు దాటిన పిమ్మట కుట్టు దగ్గరైన కొలది బలహీనత.

తోలుసూది మొన గుండ్రముగా నుండదు. చిన్న కత్తివలె చదునుగా నుండి తోలును కోయును. ఆ కోత కుట్టుగీత వెంట పడు మొనలు కలవు, అడ్డముగా పడునవి కలవు, ఏటవాలుగా పడునవి కలవు. గీతవెంట కోయు మొనతో కుట్టు నిడివి పెద్దదిగా నుండవలెను. లేనిచో ఒక కోత మరియొక కోతను కలియును. ఏటవాలు కోత ఈ యిబ్బందిని చాలవరకు తప్పించును గనుక అది ఎక్కువ వాడుకలో నున్నది. దానితో కుట్లు కొంచెము వాలి చూపునకు అందముగా నుండును. కాని ఆటోనగరులో అసలు తోలుకంటె రెక్సిను పని హెచ్చు. రెక్సిను అడుగున నేతగుడ్డ యుండును. దానిని కత్తిమొన సూదితో కుట్టినచో గుడ్డలోని నూలుపోగులు తెగి, కుట్టుగీత వెంట చిరుగును. రెక్సినునకు గుండ్రని మొన సూదియే వాడవలెను. తోలు కుట్టి, సూది మార్చక వెంటనే రెక్సిను పెట్టుట వలన చెడిపోయిన సీట్లకు లెక్కయుండదు.

బిగింపు: పడవతాడు చెప్పు పాఠము

కృష్ణ రేవులలో పడవను గుంజకు కట్టునపుడు పడవవాడు ముందు ముడి వేయడు. తాటిని గుంజకు రెండు మూడు చుట్లు త్రిప్పి, కొనను ఒక చేతితో పట్టుకొని నిలుచును. అంత పెద్ద పడవ ఏటివాలునకు లాగుచున్నను అతని చేయి అలయదు. కారణమేమి? తాడు గుంజను చుట్టిన కోణము పెరిగిన కొలది ఘర్షణ కూడికగా గాక గుణకారముగా పెరుగును. ఘర్షణ గుణకము 0.3 అయినచో, ఒక చుట్టునకు పడవవాని బలము సుమారు 6.6 రెట్లగును, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 286 రెట్లు. ఈ సూత్రమును మొదట నిరూపించినవాడు ఆయిలర్ అను గణితవేత్త.

కుట్టు మిషను పైదారపు మార్గము ఈ సూత్రమునకు చక్కని ఉదాహరణ. దారము కొక్కీల గుండ, బిగింపు బిళ్ళల నడుమ, స్ప్రింగు క్రింద, లాగెడి చేతి రంధ్రములో వంగివంగి వచ్చును. ఘర్షణ గుణకము 0.2 అనుకొన్నచో, ఒక కొక్కీపై అర్ధచుట్టు అదనముగా పడుటవలన బిగింపు 1.87 రెట్లగును, అనగా ఇంచుమించు రెట్టింపు. బిళ్ళల మరను ఎంత మాత్రము ముట్టకున్నను, దారము ఒక రంధ్రమున ఎక్కువగా చుట్టబడుటచేతనో, ఒక కొక్కీ తప్పిపోవుటచేతనో కుట్టు తారుమారు కావచ్చును. కాబట్టి మర త్రిప్పుటకు ముందు దారము ఎక్కించిన మార్గమును మొదటినుండి చివరివరకు వ్రేలితో తడవి చూడవలెను. ఫుట్టు ఎత్తియున్నపుడు బిళ్ళలు విడియుండునని కూడ గుర్తుంచుకొనుడు. దారము ఎక్కించునపుడు ఫుట్టు ఎత్తియుండవలెను. బిగింపు పరీక్షించునపుడు దించియుండవలెను.

క్రిందిదారపు బిగింపును ముందు సరిచేసి, దానికి తగినట్లు పైదానిని మార్చుట మంచి పద్ధతి. బాబిన్ కేసును బయటికి తీసి దారము పట్టి వ్రేలాడదీసినచో, అది తన బరువునకు తాను జారరాదు. చేతిని కొంచెము కుదిపినపుడు కొంత దిగి ఆగవలెను. తోలు పనిలో దారము లావు గనుక ఇంకను కొంచెము బిగువుగా నున్నను దోషము లేదు. పిమ్మట తోలుముక్కపై కుట్టి, ముడి ఎక్కడ పడుచున్నదో చూడవలెను. పైదారము బిగువైనచో క్రిందిదారపు ముడులు పైకి చుక్కలవలె తేలును. అది వదులైనచో ముడులు అడుగున కనబడును. రెండు లాగుడులు సమమైనపుడు ముడి తోలు మందములో దాగిపోవును.

కొన్ని సమయములలో మరలెంత త్రిప్పినను ముడి దాగదు. అక్కడ తప్పు మరలది గాదు. 135 టెక్స్ దారము వ్యాసము సుమారు 0.4 మిల్లీమీటరు. రెండు దారములు పెనవేసికొన్న ముడి 0.8 మిల్లీమీటరునకు తక్కువ యుండదు. అరమిల్లీమీటరు తోలు రెండు పొరలు కలిసి ఒక్క మిల్లీమీటరు. దానిలో ఈ ముడికి ఇల్లెక్కడిది? సన్నని దారము వాడుటయే గతి.

చూచువారిని మిక్కిలి మోసగించు జబ్బు మరియొకటి కలదు. తోలు అడుగున దారము చిక్కుపడి పిచ్చుకగూడు వలె నగును. అడుగున చిక్కు కనబడగానే అందరును బాబిను మీద పడి దానిని విప్పుదురు. అయితే ఆ గూటిలోని దారము ఏ రంగుదో చూడుడు. పైన ఒక రంగు, క్రింద ఒక రంగు దారము వేసి పరీక్షించినచో సందేహము తీరును: ఆ చిక్కు పైదారము! కొక్కెము లాగిన ఉచ్చును పైనున్న చేయి తిరిగి లాగలేకపోయినది. దారము బిళ్ళల నడుమ కూర్చొనక జారియుండవచ్చును, లేదా చేతి రంధ్రమునుండి తప్పియుండవచ్చును. గుర్తు అడుగున, తప్పు పైన. ఈ రెండు రంగుల దారపు పరీక్షను పాఠశాలలో పాత మిషనుపై సులభముగా చేసి చూపవచ్చును.

కుట్టు తప్పుట

నాలుగు కుట్లు పడి, అయిదవది తప్పి, పొడవైన దారము పైన తేలియుండుట తోలు పనిలో నిత్యము వినెడి ఫిర్యాదు. ఉచ్చు పుట్టలేదు, లేదా పుట్టిన ఉచ్చు కొక్కెమునకు దొరకలేదు. ఏది జరిగినది?

ముందు సూదిని చూడవలెను. అది వంగినదా, పూర్తిగా పైకి ఎక్కినదా, పల్లపు ప్రక్క కొక్కెమువైపు ఉన్నదా. క్రొత్త సూది వేసినంత మాత్రమున సగము జబ్బులు పోవుచుండగా, అన్నిటికంటె చవకైన ఈ భాగమును చివరకు మార్చుట ఎందులకో తెలియదు. పిమ్మట తోలును చూడవలెను. తోలు సూదిని గట్టిగా పట్టుకొనును. సూది పైకి లేచునపుడు ఫుట్టు అదుము చాలనిచో తోలుకూడ దానితోపాటు లేచును. తోలు, సూది కలిసి లేచినపుడు దారము తోలునకు ఒరసికొని నిలబడుట అన్నది లేదు. కనుక ఉచ్చు పుట్టదు. సూది దిగు రేకులోని రంధ్రము అరిగి పెద్దదైనచో మెత్తని తోలు దానిలోనికి క్రుంగి, ఇదే పరిణామము కలుగును. దీనికి అదుము కొంచెము పెంచుట, లేదా సూదికి తగిన చిన్న రంధ్రపు రేకు వేయుట మందు. అదుము అతిగా పెంచినచో తోలుపై ఫుట్టు గీతలు పడును; అవియు పోవు.

కుట్టువాడు తోలును వెనుకనుండి లాగుట మరియొక కారణము. సూది వంగి కొక్కెమునుండి తొలగును, లేదా రేకునకు తగిలి విరుగును. గుండ్రని కడ్డీ బిరుసు దాని వ్యాసపు నాలుగవ ఘాతమును అనుసరించును. 110 సంఖ్య సూదికంటె 140 సంఖ్య సూది వ్యాసమున పావువంతు కంటె కొంచెమే పెద్దదైనను, బిరుసులో 2.6 రెట్లు. కుట్టు నాలుగు మడతల పైకి ఎక్కు చోట మాత్రమే తప్పుచున్నచో, మిషనును ముట్టక, లోపలి మడతల అంచులను కత్తితో పలుచగా చెక్కి చూడవలెను. పాత చర్మకారులు తమ రంపెతో చేసెడి పని యిదియే.

ఇవన్నియు చూచిన తరువాతనే కొక్కెపు వేళను ముట్టవలెను. సూదిని అట్టడుగునకు దించి, మరల 2 నుండి 2.5 మిల్లీమీటర్లు లేపవలెను. అప్పుడు కొక్కెపు మొన సరిగా సూది నడుమకు వచ్చి, బెజ్జము పై అంచునకు ఒకటిన్నర మిల్లీమీటరు పైగా నుండవలెను. సూదికిని మొనకును నడుమ ఎడము పలుచని కాగితమంత, అనగా 0.1 మిల్లీమీటరుకు మించరాదు, తగులనుగూడదు. ఈ కొలతలు మిషనునుబట్టి కొంచెము మారును. తోలు గట్టిముడికి తగిలినపుడు సూదికడ్డీ తన బిగింపులో పైకి జారుట కలదు. అట్లు జారినదానిని గమనింపక కొక్కెమును సవరించినచో ఒక తప్పునకు రెండవ తప్పు జతపడును. కావున సూది ఎత్తు ముందు, కొక్కెపు వేళ తరువాత.

తోలును నడుపుట, మోటారు

ఇంటి మిషనులో అడుగుపళ్ళు మాత్రమే బట్టను నడుపును. తోలు, రెక్సిను ఇనుప ఫుట్టునకు అంటుకొనును. క్రింది పొర ముందుకు పోవుచుండగా పై పొర వెనుకబడును. సమానముగా కోసిన రెండు ముక్కలు కుట్టు చివరకు వచ్చుసరికి పైది వ్రేలెడు మిగులును. సీట్ల పనికి వాడు మంచి మిషనులలో సూది తోలులో నున్నప్పుడే పళ్ళతోపాటు ముందుకు కదలును. ఫుట్టులును రెండుండి, ఒకటి అదిమి నడచుచుండగా రెండవది లేచి అడుగు వేయును. నడిచెడి ఫుట్టు అని వ్యవహరింతురు. గుచ్చియున్న సూది పొరలన్నిటిని ఒకటిగా పట్టి నడుపుట వలన ఒక్కటియు వెనుకబడదు. ఇటువంటి మిషను లేనివారు జారుడుగల ప్లాస్టిక్కు అడుగు ఫుట్టుతో కొంతవరకు నెట్టుకొని రాగలరు.

మోటారు విషయమున ఒక పొరపాటు విరివిగా వ్యాపించియున్నది. మందపు తోలు వద్ద మిషను ఆగిపోవుచున్నది గావున పెద్ద మోటారు కావలెనని తలంతురు. నిమిషమునకు 1440 సార్లు తిరుగు మోటారునకు 50 మిల్లీమీటర్ల కప్పీ, మిషనునకు 100 మిల్లీమీటర్ల చక్రము ఉన్నచో నిమిషమునకు 720 కుట్లు, సెకనుకు 12. తోలు పనికి ఇది అనవసరమైన వేగము. పనివాడు క్లచ్చిని సగము నొక్కి నెమ్మదిగా కుట్టబోవును. అప్పుడు తిరుగు చక్రపు వేగము మూడవ వంతైనచో, అందలి గతిజశక్తి తొమ్మిదవ వంతగును. సూది తోలులో దిగబడి ఆగును. మోటారునకును మిషనునకును నడుమ మూడింటికొకటి తగ్గించు కప్పీల జత పెట్టినచో, సెకనుకు 4 కుట్లు పడుచు, అదే మోటారుతో చక్రముపై త్రిప్పు బలము దాదాపు మూడు రెట్లగును. బెల్టు ఘర్షణకు కొంత పోయినను ఇది పెద్ద లాభము. ఇటీవల వచ్చుచున్న సర్వో మోటారులు తక్కువ వేగమునను బలము చూపునవే అయినను, మిక్కిలి నెమ్మదిగా కుట్టవలసిన చోట వానికిని ఈ కప్పీలు మేలుచేయును.

చివరకు నూనె. కొబ్బరినూనె వేయువారున్నారు. అది సుమారు 24 డిగ్రీల వద్ద గడ్డకట్టును. పుష్యమాసపు ఉదయమున మిషను బరువుగా తిరుగుటకు అదియే కారణము. పలుచని మిషను నూనెయే వాడవలెను, కొక్కెపు గాడిలో రోజూ ఒక చుక్క. మన డెల్టా గాలిలో తేమ హెచ్చు. వానకాలమున రెండు మూడు దినములు ముట్టని సూదికి, కొక్కెమునకు త్రుప్పు పట్టును. ఆ త్రుప్పు దారమును పీచు చేయుటయే గాక, బెరడుతో పదునైన తోలుపై నల్లని మచ్చలు వేయును. అది మురికి గాదు. పూర్వము కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసెడివారు. టానిన్లు ఇనుముతో కలిసి నల్లని రంగగుట అక్కడ కోరి చేసినది, ఇక్కడ కోరక జరిగినది. పలుచని ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణముతో ఆ మచ్చను పోగొట్టవచ్చును గాని, అది విషము. చేతులకు తొడుగు వేసికొని, ముందు పనికిరాని ముక్కపై చూచి, పిమ్మట తడిగుడ్డతో బాగుగా తుడువవలెను. అంతకంటె తేలికైనది, ప్రతి ఉదయము అసలు పని పెట్టుటకు ముందు కొక్కెమును, సూదిని పొడిగుడ్డతో తుడిచి, నూనె వేసి, తుక్కు తోలుపై జానెడు కుట్టి చూచుట.